తొంభై ఐదు కిలోలు

ఎలీషా దారాన్ని బొటనవేలితో మీటాడు. దారం మోగింది గాని ఆ మోత అతనికి నచ్చలేదు. లేచి కారు ముందుకు వెళ్లి, ఇసుక నింపిన పెయింటు డబ్బాలో నిలబెట్టిన ఇనుప కడ్డీ దగ్గర ముడి విప్పి మళ్లీ కట్టాడు. వెనక్కి వచ్చి మళ్లీ మీటాడు. ఈసారి బాగానే ఉంది. అయినా ఇంకోసారి ముందుకు వెళ్లి ఆ ముడిని చూసి వచ్చాడు.

అప్పటికి పొద్దున ఎనిమిది కాలేదు. మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్ ఊరు దాటాక ఉన్న ఫామ్‌హౌస్ వెనక, రేకుల షెడ్డులో, నలభై ఏళ్ల నాటి ఎర్ర కారు నాలుగు రాతి దొంతర్ల మీద నిలబడి ఉంది. ఒక్కో చక్రం కింద అడుగు ఎత్తున షాబాద్ బండలు పేర్చి ఉన్నాయి. ఇంగ్లండులో పుట్టిన ఆ కారుకు రెండే సీట్లు. చక్రాలకు సైకిలుకున్నట్టు తీగలు. మనిషి కింద దూరడానికి నేలకూ దానికీ మధ్య జానెడు జాగా కూడా లేదు కాబట్టే ఈ బండలు. షెడ్డు కట్టిన మేస్త్రీ కార్లు కడిగిన నీళ్లు పారాలని నేలకు వాటం పెట్టాడు. అందుకని ఎలీషా నిన్నంతా నీళ్లు నింపిన ప్లాస్టిక్ ట్యూబు పట్టుకుని ఈ మూలకూ ఆ మూలకూ తిరిగి, ఎక్కడ బండ తగ్గితే అక్కడ పలక పెట్టి, నాలుగు దొంతర్లనూ ఒక్క మట్టానికి తెచ్చాడు. కారుకు రెండు పక్కలా చక్రాల నడుమ ఎత్తులో పసుపు దారాలు లాగి కట్టాడు. ఇక ఆ దారాల నుంచి వెనక చక్రాల అంచులకు ఎంత దూరముందో కొలవాలి. చక్రం ఎటు చూస్తోందో ఆ దూరమే చెబుతుంది.

ఎలీషాకు అరవై ఒకటి. బక్క మనిషి. కనుబొమలు తెల్లబడ్డాయి గాని జుట్టు ఇంకా మొండికేసి నల్లగానే ఉంది. అరచేతి గీతల్లో నలభై ఏళ్ల గ్రీజు, ఏ సబ్బుకూ లొంగనిది. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి, అలాగే పెరిగి, అలాగే ముసలిదైంది. కాలుగాలిన పిల్లి అని ఊళ్లో చాలామందిని అంటారు గాని, ఆ మాట ఎలీషాను చూశాకే ఎవరో పుట్టించి ఉంటారు. ఆదివారం చర్చిలో అతను వెనక బెంచీ చివర కూర్చుంటాడు. ప్రసంగం ముగిసేలోపు మూడుసార్లు బయటికి పోయి, పాస్టరుగారి స్కూటరు టైర్లలో గాలి చూసి వస్తాడు.

ఆ ఏడు మొయినాబాద్ చుట్టుపక్కల భూమి ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కంప్యూటర్ కంపెనీల వాళ్లు వచ్చి జొన్నచేలకు ప్రహరీలు కట్టి, లోపల గడ్డి పెంచి, ఆ గడ్డి కోయడానికి యంత్రాలు కొన్నారు. గడ్డికి యంత్రమేమిటని ఎలీషా మొదట నవ్వాడు. అప్పటికే చేవెళ్ల బస్టాండు పక్కన అతను ఇరవై రెండేళ్లు నడిపిన షెడ్డు మూతబడింది. కంప్యూటర్‌తో చక్రాలు సరిచేసే దుకాణాలు వచ్చాక దారం పట్టుకు తిరిగే మనిషి దగ్గరికి ఎవరొస్తారు? ఇక గడ్డి యంత్రాలూ, బోరు మోటార్లూ బాగుచేస్తూ బతికాడు. ఏ చెయ్యి దెబ్బ కొట్టిందో ఆ చెయ్యే బువ్వ కూడా పెట్టింది.

ఈ ఫామ్‌హౌస్ మహేశ్వర్‌ది. షాబాద్‌లో బండలు అమ్మే వ్యాపారి కొడుకు. చదువుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద పదవికి వెళ్లాడు. నలభై ఐదేళ్లకు భారీ మనిషయ్యాడు. ఎర్ర కారును కొన్న నాటినుంచీ అతనికి ఒకటే గోడు. నెమ్మదిగా పోతే బుద్ధిగా ఉంటుంది, వేగం అందుకోగానే మలుపుల్లో వెనక భాగం తోక ఊపుతుంది. నగరంలో రెండుసార్లు కంప్యూటర్ కింద పెట్టించాడు. రెండుసార్లూ అన్నీ సరిగానే ఉన్నాయని కాగితం ఇచ్చారు. ఆ కాగితాన్ని ఎలీషా దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"కాయితం అబద్ధం చెప్తలేదు సారూ," అన్నాడు. "కాకుంటే నువ్వెంత బరువుంటవో దానికి తెల్వది. ఎంతుంటవు?"

మహేశ్వర్ కాస్త సిగ్గుపడ్డాడు. "తొంభై ఐదు అన్నా. డైటింగ్ చేస్తున్న."

అది నెల కిందటి మాట. ఇవాళ పొద్దున ఆఫీసుకు పోతూ మహేశ్వర్ షెడ్డు ముందు తన పెద్ద కారు ఆపి, అద్దం దించాడు.

"అన్నా, ఐదింటికల్ల వస్త. వికారాబాద్ దాంక ఒక రౌండ్ తీస్కపోత. ఇయ్యాల పక్కా."

"ఒక్కనివేనా సారూ?"

"ఒక్కణ్ణే. రోడ్ ఖాళీగ ఉంటే వంద దాటిస్త."

"రేపు పోతే కాదా?"

"నెల సంది రేపు రేపు అనవడితివి," అని నవ్వి మహేశ్వర్ వెళ్లిపోయాడు.

వికారాబాద్ రోడ్డు అన్నాడు. ఎలీషా చేతిలో పానా అలాగే ఉండిపోయింది. ఆ దారిలో వాగు దగ్గర ఒక మలుపుంది. రోడ్డు ఎడమకు తిరుగుతూ కిందికి జారుతుంది. పక్కన చింతచెట్టు. పదిహేడేళ్లుగా ఎలీషా ఆ మలుపు మీదుగా పోలేదు. వికారాబాద్‌లో చుట్టాల పెళ్లిళ్లకు భార్య ప్రేమమ్మను పంపి, తనకు పని ఉందనేవాడు. ఐదు లోపల ఈ చక్రం సరికాకపోతే, నవ్వుతూ వెళ్లిన ఆ మనిషి వంద మీద ఆ చెట్టు ముందుకు పోతాడు.

అతను పనిలో పడ్డాడు. ఒక్కో వెనక చక్రాన్ని కారు ఒంటికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ చెయ్యి ఒంటిని పట్టుకున్న చోట సన్నని రేకు బిళ్ళలు ఉంటాయి. ఒక బిళ్ళ తీస్తే చక్రం లోపలికి చూస్తుంది, ఒక బిళ్ళ పెడితే బయటికి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం జాకీ ఎత్తాలి, కిందికి దూరాలి, తుప్పు పట్టిన బోల్టు వదిలించాలి, బిళ్ళ మార్చాలి, దించాలి, కొలవాలి, తప్పయితే మళ్లీ జాకీ ఎత్తాలి. ఖాళీ కారును కొలిస్తే రెండు చక్రాలూ కాగితం చెప్పినట్టే ఉన్నాయి. మహేశ్వర్ బరువు కుడి సీట్లో పడితే ఏమవుతుందన్నదే లెక్క.

పది గంటలకు వాచ్‌మన్ భిక్షపతి టీ తెచ్చాడు. ఎలీషా రెండు గుక్కలు తాగి, లేచి, షెడ్డు గుమ్మం దాకా పోయి గేటు వైపు చూసి, తిరిగొచ్చి మరో గుక్క తాగి, మళ్లీ లేచాడు.

"కూసోని తాగితే చాయ్ తేలు లెక్క కుడుతదా అన్నా?" అన్నాడు భిక్షపతి.

ఎలీషా ఎడమ చేతిని విదిలించాడు. పొద్దటినుంచీ ఆ చేయి తిమ్మిరెక్కినట్టుంది. ఛాతీలో ఏదో బిగుసుకుని, వదిలి, మళ్లీ బిగుసుకుంటోంది. "గ్యాస్," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

ఆ గ్యాస్ సంగతి అతని కూతురు ఎస్తేరు నమ్మలేదు. చేవెళ్లలో మందుల దుకాణంలో పనిచేసే పిల్ల, ఏ నొప్పికి ఏ గోలీ అమ్ముతారో తెలిసిన పిల్ల. ఇవాళ సాయంత్రం నాలుగింటికి డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుంది. బాపు రాకపోతే తను దుకాణం మూసి వచ్చి చొక్కా పట్టుకు లాక్కుపోతానంది. ఎలీషా వస్తానన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే రావాలనుకున్నాడు.

ఒంటిగంటకు ప్రేమమ్మ వచ్చింది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు ఉన్న డబ్బా ఒక చేతిలో, దవాఖాన కాగితాల సంచి ఇంకో చేతిలో. యాభై ఐదేళ్ల పొట్టి మనిషి. ముక్కు మీద కళ్లద్దాలు. రోజూ పొద్దున బైబిలు చదవడానికి ఎస్తేరు కొనిచ్చినవి. భర్త ముఖం చూడగానే ఆమెకు భయం వేసింది. భయం వేసినప్పుడు ఆమె తిడుతుంది.

"చెమట చూడు, వానల తడిసినోని లెక్క. తిని లే. మూడింటికి ఆటో ఎక్కాలె."

"పోదాం తియ్యి. మొదలు నీ అద్దాలు పని చేస్తయా చెప్పు."

"ఎందుకు?"

"గీతలు సదవాలె. నాకు అగుపిస్తలేవు. భిక్షపతికి సదువు రాదు."

ఎలీషా పద్ధతి ఇది. బండి ఎంత బరువుతో తిరుగుతుందో అంత బరువు పెట్టాకే కొలుస్తాడు. లారీని సిమెంటు బస్తాలతో, ట్రాక్టరును ట్రాలీతో, ఆటోను ఎదురుపడిన నలుగురిని ఎక్కించి కొలిచేవాడు. చేవెళ్లలో డ్రైవర్లు ఎగతాళి చేసేవారు, ఎలీషాకు బండి కాదు బరువు కావాలని. ఈ కారు కోసం కూరగాయల మార్కెట్‌లో తను కాటా ఎక్కి యాభై ఆరు కిలోలున్నానని తేల్చుకున్నాడు. షాబాద్ బండలు మూడు, ఒక్కోటి పదమూడు కిలోలవి, తూచి తెచ్చి సుద్దతో రాసిపెట్టాడు. అవీ తనూ కలిస్తే సరిగ్గా ఒక మహేశ్వర్.

ప్రేమమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "యాభై ఆరా? ఎన్నడు తూచినవు?"

"నెల ఐతది."

"నీ ప్యాంటుకు తాడు కట్టుకున్నవు. యాభై ఆరు ఏడికెల్లి వచ్చె?"

మామిడికాయలు తూచే కాటా ఫామ్‌హౌస్‌లో ఉంది. భిక్షపతి మోసుకొచ్చాడు. ఎలీషా చెప్పులు విడిచి ఎక్కాడు. ముల్లు యాభై ఒకటి దగ్గర ఊగి ఆగింది. ముగ్గురూ దాని వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఐదు కిలోలు యాడికి పోయినయి?" అంది ప్రేమమ్మ. ఆమె గొంతులో తిట్టు లేదు.

"నయమాయె చూసినం," అన్నాడు ఎలీషా. అతని భయం వేరు. "ఐదు కిలోల తప్పు పోయేది. భిక్షపతీ, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ ఉన్నది చూడు, నింపుక రా."

అతను రొట్టె సగం తిన్నాడు. మిగతా సగం తర్వాత తింటానని డబ్బా మూత పెట్టాడు. ఇనుప స్కేలు ఎట్లా పట్టుకోవాలో, దారాన్ని తాకకుండా ఎట్లా చూడాలో ప్రేమమ్మకు చెప్పాడు. చిన్న గీత ఒక్కటి తేడా వచ్చినా చెప్పాలన్నాడు. రాళ్లు రెండు సీటు ముందు నేల మీద, ఒకటి తన ఒళ్లో, నీళ్ల క్యాను కాళ్ల మధ్య. కారు కుంగిన చప్పుడు ముగ్గురికీ వినబడింది.

"సదువు. కుడి చక్రం. ముందటి అంచు."

ప్రేమమ్మ దొంతర పక్కన గొంతుకూర్చుంది. "తొమ్మిది మీద రెండు గీతలు."

"వెనకటి అంచు?"

"తొమ్మిది మీద ఆరు."

ఎలీషా కళ్లు మూసుకున్నాడు. అదే. దొంగ దొరికాడు. ఖాళీగా ఉన్నప్పుడు సూటిగా చూసే చక్రం, ఆ బరువు పడగానే నాలుగు గీతలు బయటికి తిరుగుతోంది. మిగిలిన మూడూ రోడ్డు మీద పోతుంటే ఇది చేలోకి పోదామంటోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కావలసింది ముందటి అంచు దగ్గర ఒక గీత ఎక్కువ. కుడికీ ఎడమకూ అంతే.

అతను రాళ్లు దించి, దిగి, జాకీ ఎత్తి, కిందికి దూరాడు. కింద అతను మూలగడం ప్రేమమ్మ విన్నది. బోల్టు కోసం మూలుగుతున్నాడో నొప్పికో ఆమెకు తెలియలేదు. బయటికి వచ్చాక కాసేపు దొంతరకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు నిమిషాలైనా కాకముందే లేచాడు. మళ్లీ రాళ్లు, మళ్లీ క్యాను. ఈసారి రెండు గీతల తేడా. మళ్లీ దిగాడు. మూడోసారి ఎక్కువైంది, చక్రం మరీ లోపలికి చూసింది. నాలుగోసారి కుడి చక్రం కుదిరింది గాని ఎడమది అర గీత తప్పింది. షెడ్డు ముందు నీడ గులాబీ మొక్కల దాకా పాకింది. రోడ్డు మీద షేర్ ఆటో హారన్ కొట్టి కొట్టి పోయింది. ప్రేమమ్మ ఆ ఆటో వైపు చూసింది, భర్త వైపు చూసింది. చెప్పులు వేసుకుని మళ్లీ విడిచింది.

నాలుగు దాటాక భిక్షపతి సెల్‌ఫోన్ మోగింది. ఎస్తేరు. ఎలీషా తుడుచుకోని చేత్తోనే ఫోన్ తీసుకున్నాడు.

"బాపూ, పదకొండో నంబర్ నీది. తొమ్మిది నడుస్తున్నది. యాడున్నవ్?"

"దారిల ఉన్న బిడ్డా."

"దారిల ఉంటే పిట్టల సప్పుడెందుకు వస్తున్నది?"

"ఒక్క చక్రం బిడ్డా. ఐతే వస్త. డాక్టరుకు జర చెప్పు."

"అమ్మకియ్యి," అంది ఎస్తేరు. ప్రేమమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని వింటూ ఉండిపోయింది. చివరికి, "గుంజుకొస్త," అని పెట్టేసింది.

ఎడమ చక్రానికి సన్నని బిళ్ళ ఒకటి పడింది. ఎలీషా పైకి వచ్చి సీట్లో కూర్చోడానికి భిక్షపతి భుజం పట్టుకోవాల్సి వచ్చింది. భిక్షపతి రాళ్లు అందించాడు, చివరి రాయి ఒళ్లో పెట్టాడు, క్యాను కాళ్ల మధ్య సర్దాడు. ఎలీషా రెండు చేతులూ స్టీరింగు మీద వేశాడు.

"ఇను భిక్షపతీ. గీతలు సరిపోతే బోల్టులు నువ్వే బిగియ్యాలె. నాలుగు. రబ్బరు బుష్షులున్నయి, బరువు మీద ఉన్నప్పుడే బిగియ్యాలె. బరువు దిగినంక బిగిస్తే అంత గంగల కలుస్తది. గందుకే బిగిచ్చేదాక నేను దిగ. ఎవ్వరు పిలిచినా దిగ."

"సరే అన్నా."

భిక్షపతి పానా తీసుకుని కింద దూరాడు. ప్రేమమ్మ స్కేలు పట్టుకుని కుడి చక్రం దగ్గర గొంతుకూర్చుంది. అక్కడినుంచి ఆమెకు భర్త మెడ వెనకభాగం, చొక్కా కాలరు, స్టీరింగు మీద ఒక మోచేయి కనిపిస్తున్నాయి.

"గీ కారు కోసం గింత పాణం మీదికి తెచ్చుకుంటవా?" అంది. "సారుకు రేపు అంటే ఊకోడా?"

ఎలీషా ముఖం ముందుకే ఉంది.

"మోషే జీపు ఖాళీగ కొలిచిన," అన్నాడు.

మోషే అతని తమ్ముడు. చేవెళ్లకూ వికారాబాద్‌కూ మధ్య జీపు తోలేవాడు. ఆ రోడ్డు మీద ఖాళీ జీపును కన్నవాడు లేడు. లోపల పదిమంది, నలుగురు వెనక వేలాడుతూ, డ్రైవరు పక్కన ఇద్దరు. ఆ సంగతి ఎలీషాకు తెలియనిది కాదు. అయినా అందరిలాగే ఖాళీ జీపును దారం కట్టి కొలిచి, బాగుంది పొమ్మన్నాడు. వెనక బరువు మోసే కమాను పట్టీల్లో ఒకటి మెత్తబడి ఉంది. జనం ఎక్కగానే ఆ పక్క కుంగి, వెనక ఇరుసు వంకర తిరిగింది. వాగు మలుపులో జీపు తోక ఊపి చింతచెట్టును కొట్టింది. ఎక్కినవాళ్లంతా దెబ్బలతో బయటపడ్డారు. మోషే బయటపడలేదు. పోలీసులు వేగం అని రాసుకున్నారు. ఊరు తలరాత అంది. విరిగిన జీపును చూడటానికి పోయిన ఎలీషా ఆ కమాను పట్టీని ముట్టుకుని చూసి ఇంటికొచ్చాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాడు. పదిహేడేళ్లు మోసిన మాట, నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"నాకెరుకే," అంది ప్రేమమ్మ.

కారు కింద పానా కదిలిన చప్పుడు ఆగింది. భిక్షపతి ఊపిరి బిగపట్టుకున్నాడేమో.

"ఎట్ల ఎరుక?"

"మన్ను పెట్టొచ్చిన తెల్లారి దారం ఉండ పొయ్యిల ఏసినవు. కొత్త దారం. నేను పిండి పిసుకుతున్న, చూసిన. పదిలంగ దాసుకోని దినం లేదు నీ దారాన్ని. అది పొయ్యిల ఎందుకేస్తవు?"

"ఎన్నడన్న అడుగకపోతివి."

"నువ్వు చెప్పకపోతివి," అంది ఆమె. చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "మోషే భార్యకు నేను ఒక్క పండుగకు చీర తప్పియ్యలేదు. ఎందుకనుకున్నవు?"

ఎలీషా తల కొంచెం వంచాడు. భుజాలు కిందికి దిగాయి. నిట్టూర్పో నవ్వో ఆమెకు వెనకనుంచి తెలియలేదు.

"సదువు," అన్నాడు నెమ్మదిగా.

"ముందు తొమ్మిది మీద ఐదు. వెనక తొమ్మిది మీద నాలుగు."

"ఎడమది?"

ఆమె లేచి, మోకాళ్లు పట్టుకుని, కారు వెనకనుంచి తిరిగి ఎడమ పక్కకు పోయింది. రెండుసార్లు చూసింది. మూడోసారి కూడా చూసింది, ఎందుకంటే ఈసారి తప్పు చెప్పకూడదు.

"ముందు తొమ్మిది మీద ఐదు. వెనక తొమ్మిది మీద నాలుగు. రెండూ ఒక్క తీరున్నయి."

"ఇగ బిగియ్యమను," అన్నాడు ఎలీషా.

భిక్షపతి కింద పని మొదలుపెట్టాడు. తుప్పు బోల్టు, ఇరుకు జాగా, పడుకుని తిప్పాలి. పానా పావు తిరుగుడు తిరుగుతుంది, తీసి మళ్లీ పెట్టాలి. ప్రేమమ్మ ఖాళీ డ్రమ్ము మీద కూర్చుంది. కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుంది. ఐదుకు ఇంకా పావుగంట ఉంది. సారు పెద్ద కారులో దించమంటే దించుతాడు, డాక్టరు లేచిపోయేలోపు చేరొచ్చు అని లెక్క వేసుకుంది. భర్త వైపు చూసింది. అతను కదలకుండా కూర్చుని ఉన్నాడు. మొదటి బోల్టు అయింది. రెండోది అయింది. తనను పెళ్లి చేసుకున్న నాటినుంచీ ఈ మనిషి ఇంతసేపు ఒక్కచోట కూర్చోవడం ఆమె చూడలేదు. చెప్పేసినందుకే అనుకుంది. లోపలి ముల్లు తీసేస్తే మనిషి ఎంత నిమ్మళమవుతాడో అనుకుంది. ఆమెకు సంతోషమైంది, మనసారా. ఇంటికి పోయాక ఇంకా చెప్పించాలి, ఇంకా ఏమేం దాచుకున్నాడో.

"నాలుగోది ఐపోయింది అన్నా," అని భిక్షపతి కిందినుంచి అరిచాడు. "ఇగ దిగు."

ఎలీషా దిగలేదు.

"ఇగ దిగుమంటున్నడు," అంది ప్రేమమ్మ.

భిక్షపతి బయటికి పాకి, బట్టలు దులుపుకుంటూ నవ్వాడు. "ఎవ్వరు పిలిచినా దిగనన్నడు గద," అన్నాడు. అలా నవ్వుతూనే సీటు పక్కకు పోయి, అక్కడ ఆగిపోయాడు.

చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఒళ్లో పదమూడు కిలోల రాయి అలాగే ఉంది. గడ్డం ఛాతీకి ఆనింది. ప్రేమమ్మ వచ్చి మొదట ఆ రాయి తీయబోయింది. ఒక్కతే తీయలేకపోయింది. భిక్షపతి తీశాడు. అప్పుడు ఆమె భర్త ముఖాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, అద్దాలు తీసేసి, నుదురు అతని నుదుటికి ఆనించి ఏడ్చింది.

ఐదింటికి మహేశ్వర్ వచ్చాడు. అందరూ కలిసి ఎలీషాను పెద్ద కారులో పడుకోబెట్టి చేవెళ్లకు తీసుకుపోయారు. డాక్టరు పదకొండో నంబరు పిలిచి చాలాసేపయింది. ఎస్తేరు దవాఖాన మెట్ల మీద నిలబడి ఉంది. కారు వెనక తలుపు తెరవగానే ఆమె ఏమీ అడగలేదు. బాపు చేతిని పట్టుకుని, అరచేతిలో ఆరని గ్రీజును తన చున్నీతో తుడుస్తూ ఉండిపోయింది.

మర్నాడు చర్చి వెనక సమాధుల తోటలో, మోషే పక్కన, మన్ను పెట్టారు.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, అందరూ భోజనాలు చేసి వెళ్లిపోతుండగా, ఎర్ర కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. మహేశ్వర్ దిగి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. చాపల మీద ఇంకా మనుషులున్నారు. ఎస్తేరు కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"అమ్మా, నిన్న వికారాబాద్ పోయొచ్చిన," అన్నాడు.

ప్రేమమ్మ తలెత్తింది. "వాగు మలుపు కాడ?"

"జర భయపడ్డ. కాని తోక కదలలే అమ్మా. పట్టాల మీద పోయినట్టు పోయింది."

ఆమె ఎర్ర కారు వైపు చాలాసేపు చూసింది. వెనక చక్రాలను ఒకదాని తర్వాత ఒకటి చూసింది. తర్వాత మహేశ్వర్‌ను చూసింది. ఈ నెలా పది రోజుల్లో అతని ముఖం కాస్త తగ్గినట్టు ఆమెకు అనిపించింది.

"నువ్వు బక్కగ కాకు సారూ," అంది. "అది నీ బరువుకు కట్టిన బండి."

మహేశ్వర్ తల ఊపి, లోపలికి వచ్చి, ఎస్తేరు వడ్డించిన అన్నం పళ్లెం అడుక్కంటా తిన్నాడు.

షెడ్డును భిక్షపతి రోజూ ఊడుస్తాడు. దొంతర్లు అలాగే ఉన్నాయి. సుద్దతో పదమూడు అని రాసిన మూడు రాళ్లు గోడ వారన ఉన్నాయి. ఊడ్చేటప్పుడు అతను నడుము వంచి దారాల కిందినుంచి దూరి అవతలికి పోతాడు గాని, కారు లేని జాగాకు రెండు పక్కలా లాగి కట్టిన ఆ పసుపు దారాలను, ఎలీషా రెండుసార్లు చూసుకున్న ముడితో సహా, ఎవరూ విప్పలేదు.